ఏ పనికి ఏ కర్ర

ఈ అధ్యాయం చదివే ముందు లేచి ఇల్లంతా ఒకసారి తిరిగి రండి. తలుపు వెనక, అటక మీద, వంటింటి గూట్లో, పెరటి గోడవారన ఎన్ని కర్రలున్నాయో చూసి రండి. చీపురు కర్ర, దులుపుడు కర్ర, అప్పడాల కర్ర, బట్టలు ఆరేసే దండెం కర్ర, ఎప్పుడో నాటకం కోసం కొన్న కోలాటం కోలలు, కాలు బెణికినప్పుడు తెచ్చి మళ్లీ ముట్టని ఊతకర్ర. చాలా ఇళ్లలో ఇవన్నీ ఒకే మూల కలగాపులగంగా పడి ఉంటాయి. పాము కనిపించిన రోజు, కరెంటు తీగ తగిలిన రోజు, పెద్దాయన మెట్ల మీద తూలిన రోజు చేతికందింది పట్టుకుని పరుగెత్తుతాం. ఆ చేతికందినది చాలాసార్లు ఆ పనికి పనికిరాదు. అవసరం రాకముందే ఏ పనికి ఏ కర్రో ఎంచి, దాన్ని దాని చోట పెట్టుకోవడం ఎలాగన్నదే ఈ అధ్యాయం.

మన పెద్దలకు ఈ సంగతి బాగా తెలుసు. చిలికేది కవ్వం, దంచేది రోకలి, కలిపేది తెడ్డు. మామిడికాయ దించేది దోటి, బరువు మోసేది కావడిబద్ద, పందిరి నిలబెట్టేది గుంజ, కప్పుకు వేసేది వాసం, పడవ నడిపేది గడ, పళ్లు తోమేది పుల్ల. వీటిలో ఏదీ ఇంకోదాని పని చేయలేదు. రోకలికి బరువైన చేవకర్ర కావాలి, చివర ఇనుప పొన్ను ఉండాలి. కావడిబద్ద బరువుకు వంగి మళ్లీ లేవాలి, లేకపోతే భుజం కోసుకుపోతుంది. దోటి ఎంత పొడుగున్నా తేలిగ్గా ఉండాలి, ఎందుకంటే మెడ ఎత్తి పట్టుకునేది మనిషి. గుంజకు చెద పట్టకూడదు. ఈ లెక్కలు ఎవరూ పుస్తకంలో రాయలేదు. చేత్తో పట్టి, తూచి, విరిచి నేర్చుకున్నారు.

చంద్రపూర్ జిల్లాలో ఉన్న తెలుగువాళ్లకు ఈ పేర్లు ఇంకా నోట్లో ఆడుతున్నాయి. బల్లార్‌పూర్ కాగితం మిల్లుకో, ఘుగ్గుస్ బొగ్గు గనులకో, రైలు పనికో వచ్చి తరాలుగా ఇక్కడే ఉండిపోయిన కుటుంబాలవి. రాజురా వైపు సంగతి వేరు. అక్కడ కొన్ని ఊళ్లు ఎక్కడికీ కదలకుండానే రాష్ట్రం మారాయి. ఆ తాలూకా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. 1959లో చాందా (ఇప్పటి చంద్రపూర్) జిల్లాలో కలిసింది. అందుకే ఇంట్లో అమ్మమ్మ కట్టె అంటుంది, బజారులో అదే కాఠీ అవుతుంది, పోలీసు చేతిలో లాఠీ అవుతుంది. పిల్లలు మూడూ అంటారు. ఆ పిల్లలకు నేను చెప్పేది ఒకటే: పేరు ఏ భాషలో పలికినా ఫరవాలేదు, ఆ కర్ర ఏం చేయగలదో, ఏం చేయలేదో తెలిసి పట్టుకోండి.

ఇక్కడ కర్ర అంటే ముందు వెదురే. తాడోబా నుంచి గడ్చిరోలి పొలిమేర దాకా టేకుతో పాటు అడవంతా వెదురే కనిపిస్తుంది. 1945లో మొదలైన బల్లార్‌పూర్ మిల్లు ఏళ్ల తరబడి కాగితం గుజ్జు తీసింది దీని నుంచే. చంద్రపూర్ నుంచి మూల్ వెళ్లే దారిలో చిచ్‌పల్లి దగ్గర మహారాష్ట్ర ప్రభుత్వం 2014లో వెదురు పరిశోధన, శిక్షణ కేంద్రం పెట్టింది. ఇంత వెదురు మధ్య ఉంటూ కూడా ప్లాస్టిక్ పూసిన ఇనుప గొట్టాన్ని చేతికర్ర అని కొనుక్కొచ్చేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది.

వెదురులోనూ తేడా తెలియాలి. ముళ్ల వెదురు లావుగా, లోపల బోలుగా ఉంటుంది. నిచ్చెనకు, పందిరికి, దోటికి బాగుంటుంది. చేతిలో పట్టి బరువు మోపాలంటే మాత్రం సన్నగా, లోపల దాదాపు గట్టిగా ఉండే జాతి కావాలి. దీన్ని మగ వెదురు అంటారు. లాఠీలు చేసేది ఈ జాతి వెదురుతోనే. ఎంచేటప్పుడు వయసు చూడండి. ఏడాది బొంగు నిగనిగలాడే పచ్చరంగులో, పైన బూడిదలాంటి పొరతో అందంగా ఉంటుంది. ఆ అందం చూసి మోసపోవద్దు. అందులో పిండిపదార్థం, నీరు ఎక్కువ. ఎండాక ముడుచుకుంటుంది, పురుగు పడుతుంది. మూడేళ్లు దాటిన బొంగు కళ తగ్గి, అక్కడక్కడ మచ్చలతో ఉంటుంది. వేలి కణుపుతో కొడితే ఖంగుమంటుంది. కణుపులు దగ్గర దగ్గరగా ఉన్న అడుగు భాగం చేతికర్రకు మంచిది. ఎక్కడైనా సన్నని రంధ్రం ఉండి, తట్టగానే మెత్తని పిండి రాలిందా, పక్కన పెట్టేయండి. లోపల పురుగు పని మొదలుపెట్టింది.

కొట్టే కాలం వానలు వెళ్లాక, చలి రోజుల్లో. కొట్టిన బొంగును రెండు మూడు వారాలు పారే నీటిలో నానబెడితే లోపలి పిండి కరిగి పోతుంది, పురుగుకు తిండి మిగలదు. తరువాత నీడలో నిలబెట్టి ఆరబెట్టాలి. ఎండలో పడేస్తే, అందులోనూ చంద్రపూర్ మే నెల ఎండలో, నిలువునా పగులుతుంది. వంకర ఉంటే నిప్పు సెగ చూపి, మెత్తబడినప్పుడు నెమ్మదిగా వంచి, చల్లారేదాకా అలాగే పట్టి ఉంచాలి. ఆపైన అవిసె నూనె గానీ ఆవనూనె గానీ గుడ్డతో రుద్దండి. ఏటా వేసవికి ముందు ఇంకోసారి రుద్దితే చాలా ఏళ్లు వస్తుంది.

అడవిలోకి వెళ్లి సొంతంగా కొట్టుకు రావాలనుకోవద్దు. 2017 నవంబరులో అటవీ చట్టాన్ని సవరించి, అడవి బయట పెరిగే వెదురును చెట్ల నిర్వచనం నుంచి తీసేశారు. అంటే మీ పొలం గట్టు మీది వెదురు మీదే. అడవిలోది మాత్రం ఇప్పటికీ అటవీ ఉత్పత్తే, అనుమతి లేకుండా కొడితే నేరం. ఇంతకన్నా మంచి దారి మేదరివారి దగ్గర కొనడం. మరాఠీలో వాళ్లను బురుడ్ అంటారు. బుట్టలు, చాటలు, తడికలు అల్లే చేతులవి. ఏ బొంగు ఎన్నేళ్లదో చూపుతోనే చెబుతారు. వాళ్లు అడిగిన డబ్బు దగ్గర బేరమాడకండి.

ఇక అడవి పక్క ఊళ్లవాళ్ల కోసం కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇక్కడ పొరపాటు ప్రాణం మీదికి వస్తుంది. తాడోబా 1955లో జాతీయ ఉద్యానం అయింది. అంధారి అభయారణ్యాన్ని కలుపుకుని 1995లో పులుల అభయారణ్యం అయింది. పులులు ఆ హద్దు గీత లోపలే ఉండవు. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపూలు ఏరడానికి, ఆ తరువాత తునికాకు కోయడానికి జనం తెల్లవారుజామునే అడవి దారి పడతారు. వంగి పూలు ఏరుతున్న మనిషి పులి కంటికి నాలుగు కాళ్ల జంతువులా కనిపిస్తాడని అటవీ సిబ్బంది చెబుతూనే ఉంటారు. చేతిలో కర్ర ఉందన్న ధైర్యంతో ఒంటరిగా వెళ్లవద్దు. కర్ర పులిని కొట్టడానికి పనికిరాదు. అది చేసేది వేరే పని: నడిచేటప్పుడు నేల మీద, చెట్ల మొదళ్ల మీద తాటిస్తూ పోతే మీరొస్తున్నారని జంతువుకు ముందే తెలుస్తుంది. చాలావరకు అదే తప్పుకుంటుంది. గుంపుగా వెళ్లండి, బిగ్గరగా మాట్లాడుకోండి, పొద్దు పొడిచాకే బయలుదేరండి. వంగి ఏరేవాళ్లు ఏరుతుంటే ఒకరు కర్ర పట్టి నిలబడి చుట్టూ చూస్తుండాలి. ఎదురుపడితే పరుగెత్తకండి, వీపు చూపకండి, కర్ర ఎత్తి నిటారుగా నిలబడి, కేకలు వేస్తూ ఒక్కో అడుగు వెనక్కి వేయండి. ఈ కర్ర చంక ఎత్తు ఉంటే సరిపోతుంది. బొటనవేలు, నడిమివేలు చుట్టూ తిరిగి కలిసేంత లావు చాలు.

పాము విషయంలోనూ ఇంతే. వరి పొలంలో, గడ్డిలో అడుగు వేసేముందు ఆ చోటును కర్రతో తట్టండి. పాముకు నేల అదురు తెలుస్తుంది. కట్టెల మోపులోంచి కట్టె తీసేటప్పుడు ముందు కర్రతో కదిలించి తరువాత చేయి పెట్టండి, తేళ్లు కూడా అక్కడే ఉంటాయి. రాత్రి లేస్తే టార్చి ఒక చేతిలో, కర్ర ఇంకో చేతిలో. కనిపించిన పామును చంపబోయి కాటు తిన్నవాళ్లు ఎందరో. దూరం జరగండి. కాటు పడితే కట్లు బిగించడం, కోయడం మానేసి, ఆ కాలో చేయో కదలకుండా ఉంచి ఆసుపత్రికి పరుగు తీయండి.

కొన్ని కర్రలను ఇంట్లోంచి తీసేయమని కూడా చెప్పాలి. ఎడ్లను పొడిచే ములుకర్ర అందులో మొదటిది. పోలా పండుగనాడు ఎడ్లకు పని ఆపి, కడిగి, కొమ్ములకు రంగులేసి పూజించే ప్రాంతం ఇది. మిగతా రోజుల్లో అవే ఎడ్ల వీపు మీద మొన దింపడం ఏం న్యాయం? 1965 నాటి జంతు హింస నివారణ నియమాలు మొన ఉన్న కర్రతో పశువులను తోలకూడదని స్పష్టంగా చెబుతున్నాయి. రెండోది బెత్తం. పిల్లల్ని బడిలో కొట్టడాన్ని 2009 విద్యాహక్కు చట్టం నిషేధించింది. ఇంట్లో నిషేధించాల్సింది మనమే. భయపడిన పిల్లవాడు తప్పు మానడు, దాచడం నేర్చుకుంటాడు. ఆ బెత్తాన్ని పెరట్లో పొట్ల పాదుకు ఊతంగా గుచ్చండి, అక్కడ దానితో పని ఉంది.

ఆపద వేళకు ప్రతి ఇంట్లో ఒక పొడవాటి, బాగా ఎండిన కర్ర ఉండాలి. ఒక మనిషికి కరెంటు తగిలి తీగకు అంటుకుపోయాడనుకోండి. ముందు మెయిన్ ఆపండి. ఆపే వీలు లేకపోతే పొడి చెక్క పీట మీద నిలబడి, ఈ ఎండు కర్రతో తీగను గానీ మనిషి చేతిని గానీ నెట్టి విడదీయండి. తడి కర్ర, పచ్చి వెదురు కరెంటును మోస్తాయి. ఇది ఇంటి కరెంటుకు మాత్రమే. వీధిలో తెగిపడ్డ పెద్ద తీగ దగ్గరికి ఏ కర్రతోనూ పోవద్దు, జనాన్ని దూరంగా ఆపి కరెంటు సంస్థ మహావితరణ్‌కు ఫోన్ చేయండి. దోటికి ఇనుప కొక్కెం కట్టి తీగల పక్కనున్న మామిడి కొమ్మకు చాచేవాళ్లు ఈ వాక్యం రెండుసార్లు చదవండి: కాయ పోతే పోనీ, దించకండి.

వర్ధా, ఇరై నదుల ఒడ్డున గణపతి నిమజ్జనం రోజు పొడవాటి వెదురుగడ ఒకటి దగ్గర ఉంచుకోండి. మునిగిపోతున్నవాడి కోసం దూకినవాడు తానూ మునగడం మనం చూస్తూనే ఉన్నాం. ఒడ్డున బోర్లా పడుకుని గడ అందించి లాగండి. ఎముక విరిగితే, విరిగిన చోటుకు పైనా కిందా ఉన్న రెండు కీళ్లనూ దాటేంత పొడవు కర్రను గుడ్డ చుట్టి పక్కన ఆనించి, మరీ బిగించకుండా, కదలకుండా కట్టి, 108కి ఫోన్ చేయండి. రెండు గడలకు రెండు గోనె సంచుల అడుగు చింపి తొడిగితే మనిషిని మోసే మంచం తయారవుతుంది. పిల్లలతో ఒక ఆదివారం ఇది చేయించి చూడండి, సరదాగా నేర్చుకుంటారు.

ఇన్ని చెప్పాక అసలు విషయానికి వస్తాను. మనం పట్టుకోవడానికి అన్నిటికన్నా ఎక్కువ జంకే కర్ర చేతికర్ర. గనిలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు మాకు తెలుసు. మోకాలు నొప్పి, నడకలో తూలు. కూతురు రోజూ చెప్పేది: "నాన్నా, కట్టె పట్టుకో, పడతవు." ఆయన జవాబు ఒకటే: "కట్టె పడితే ముసలోడినైన అని వాడంతా చాటింపు ఏసినట్టే గద బిడ్డా." ఆ పిల్ల తెలివైనది. వాదించడం మానేసి ఒక మంచి వెదురు కర్ర తెచ్చి గుమ్మం పక్కన పెట్టింది. "నాన్నా, గల్లీల కుక్కలెక్కువైనయ్, పొద్దుగాల నడకకు పోయేటప్పుడు ఇది పట్కపో" అంది. కుక్కల కోసం చేతికొచ్చిన కర్ర ఆయన మోకాలికి పనిచేసింది. ఇప్పుడు మహాకాళి గుడి దాకా దాంతోనే నడిచి వస్తాడు. మీ ఇంట్లోనూ మొండికేసే పెద్దలుంటే వాళ్ల గౌరవం చెక్కుచెదరని దారి ఒకటి వెతకండి. నలుగురి ముందు చేతిలో పెట్టకండి.

సిగ్గు పడేవాళ్లకు ఇద్దరిని గుర్తు చేస్తాను. 1930 మార్చి 12న దండికి బయలుదేరినప్పుడు గాంధీకి అరవయ్యేళ్లు. చేతిలో వెదురు కర్ర. 24 రోజులు, దాదాపు 385 కిలోమీటర్లు నడిచాడు. ఆ కర్రను చూసి ఎవరైనా ఆయన బలహీనుడనుకున్నారా? రెండో మనిషి మన జిల్లాలో పనిచేసినవాడే. వరోరా దగ్గర 1949లో ఆనందవనానికి పునాది వేసిన బాబా ఆమ్టే. వెన్ను జబ్బు ముదిరి కూర్చోలేని స్థితిలో కూడా, డెబ్బై దాటాక, 1985లో కన్యాకుమారి నుంచి కాశ్మీర్‌కు యువకులతో భారత్ జోడో యాత్ర చేశాడు. ఆనందవనంలో కుష్ఠు వల్ల వేళ్లు పోయినవాళ్లు మగ్గం నేస్తారు, పొలం చేస్తారు. ఊతం తీసుకోవడం వాళ్లకు చిన్నతనం కాలేదు, ఊతం తీసుకుని పనిలోకి దిగారు. ఒకసారి వెళ్లి చూసి రండి.

ఆలస్యం చేయవద్దని ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. పడిన తరువాత పట్టుకునే కర్ర తుంటి ఎముకను అతికించలేదు. పడకముందు పట్టుకుంటే నడక ఆగదు, నడక ఆగకపోతే కాళ్ల బలం పోదు.

కొలత ఇలా తీయండి. ఎప్పుడూ వేసుకునే చెప్పులతో నిటారుగా నిలబడి చేతులు వదిలేయండి. మణికట్టు మడత ఎంత ఎత్తులో ఉందో కర్ర పిడి అంత ఎత్తులో ఉండాలి. పిడి పట్టుకుంటే మోచేయి కొద్దిగా వంగాలి. పొడుగైతే భుజం పైకి లేచి మెడ నొప్పి వస్తుంది, పొట్టిదైతే నడుము వంగుతుంది. తాతగారి కర్రను మనవడు వాడకూడదన్నది ఇందుకే.

ఏ చేత్తో పట్టాలన్న దగ్గర చాలామంది తప్పు చేస్తారు. కుడి మోకాలు నొప్పి అయితే కర్ర ఎడమ చేతిలో ఉండాలి. మామూలు నడకలో కుడికాలు ముందుకు పడినప్పుడు ఎడమచేయి ముందుకు ఊగుతుంది కదా, కర్ర ఆ ఊపుతోనే పోవాలి. నొప్పి కాలూ కర్రా కలిసి ముందుకు, తరువాత మంచి కాలు. ఇలా చేస్తే ఒంటి బరువులో కొంత చేయి మోస్తుంది, తుంటి మీద భారం తగ్గుతుంది. నొప్పి ఉన్న వైపే పట్టుకుంటే మనిషి అటే ఒరిగి ఉన్న నొప్పిని పెంచుకుంటాడు. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలూ కర్రా ముందు. మెట్ల పక్కన రెయిలింగు ఉంటే ఒక చేయి దాని మీద ఉంచండి. మొదటి రెండు రోజులు ఇంట్లో ఒకరు వెనక నడవాలి.

పిడి వంపు తిరిగినది చేతికి వేలాడదీసుకోవడానికి బాగుంటుంది, కానీ బరువు అరచేతిలో ఒకే చోట పడుతుంది. రోజంతా వాడేవాళ్లకు బల్లపరుపు పిడి మేలు. వేళ్ల కీళ్లు వాచినవాళ్లు పిడికి గుడ్డ చుట్టి లావు చేసుకోండి. తల తిరిగేవాళ్లకు, రెండు కాళ్లూ బలహీనమైనవాళ్లకు ఒంటి కర్ర చాలదు. నాలుగు కాళ్ల కర్రో వాకరో డాక్టరును అడిగి తీసుకోండి.

తెల్లకర్ర పట్టుకున్నవారు కనిపిస్తే ఒక మాట. ఆ కర్ర బరువు మోపడానికి కాదు, దారి చదవడానికి. అందుకే అది రొమ్ము ఎత్తు దాకా ఉంటుంది. రోడ్డు దాటిస్తామని ఆ కర్రను పట్టి లాగకండి, అలా లాగితే వాళ్లకు దారి తెలియదు. "దాటిస్తానండీ" అని అడిగి మీ మోచేయి అందించండి, వాళ్లే పట్టుకుంటారు. అక్టోబరు 15 తెల్లకర్ర దినం. ఆ రోజు పిల్లలకు ఈ సంగతి చెప్పండి.

ఇక కొనడానికి వెళ్లండి. ఎవరికి కర్ర కావాలో ఆ మనిషిని వెంట తీసుకెళ్లండి. మేదరి ఆయన అడుగుతాడు: ఎవరికి, ఎంత పొడుగు, నడకకా, పొలానికా? మణికట్టు కొలత చెప్పి, రెండంగుళాలు ఎక్కువే ఉంచమనండి. ఇంటికొచ్చి, చెప్పులేసుకుని, మళ్లీ కొలిచి అడుగు వైపు కోసుకోవచ్చు. కోసిన కొనకు రబ్బరు బిళ్ల తప్పనిసరి. ఒట్టి వెదురు కొన తడి గచ్చు మీద జర్రున జారుతుంది. మందుల షాపులో కర్ర లావుకు సరిపోయే బిళ్లలు దొరుకుతాయి, ఒకేసారి రెండు కొనండి. నెలకోసారి కర్ర తిప్పి అడుగు చూడండి. బిళ్ల మీది గాట్లు అరిగి నున్నగా అయినా, ఎండకు గట్టిపడి చీలినా, ఆ రోజే మార్చేయండి.